నా నీడ జారీ చేసిన ఉత్తర్వు

మొదటి రోజు. తూర్పు గాలి, మోస్తరు.

నిన్నటితో పదవీ విరమణ చేశాను. శాలువా కప్పారు, దండ వేశారు, రెండు మంచి మాటలు చెప్పారు. తేలుపాలెం లంగరు కార్యాలయంలో ఊపిరి పీల్చేవాడు నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి, ఆ కప్పడం, వెయ్యడం అంతా పక్క కార్యాలయాల నుంచి అరువు తెచ్చిన మనుషులే చేశారు. మా కార్యాలయంలో మిగతా కుర్చీలన్నిటిలోనూ నీడలే. ఉద్యోగి పనిచేసినంతకాలం అతని మాట, తీరు, సంతకం, విసుగు అన్నీ వింటూ నేర్చుకునే యంత్రాన్ని మేం నీడ అంటాం. మనిషి ఇంటికి వెళ్ళిపోయిన మర్నాటి నుంచి ఆ కుర్చీ నీడది. నిన్నటి సభలో నా గురించి నా నీడే మాట్లాడింది, నా గొంతుతోనే. నాకన్నా బాగా మాట్లాడింది. చప్పట్లు కూడా దానికే ఎక్కువ పడ్డాయి.

ఈ ఊళ్ళో ఏ ఇల్లు ఏ వరసలో ఉండాలో, దేన్ని దేనికి కట్టాలో నిర్ణయించడం నా ఉద్యోగం. నేల మునిగాక నీళ్ళ మీద కట్టుకున్న ఊరు ఇది. ఇక్కడ లంగరు అధికారి అంటే చిన్న మాట కాదు. తేలే ఊరు కదా అని తేలుపాలెం అన్నారు గాని, కొత్తవాళ్ళు ఆ పేరు వినగానే కాళ్ళ కింద చూసుకుంటారు.

పొద్దున్న లేచి కాఫీ కోసం కేక వేశాను. ఎవరూ పలకలేదు. వంటగదిలోకి వెళితే నేల పలక ఎత్తి ఉంది. నా భార్య తిలోత్తమ నడుముకు తాడు కట్టుకుని ఇంటి అడుగున నీళ్ళలో ఉంది. మా ఇంటి కింద తాళ్ళు వేలాడుతుంటాయి, వాటికి ఆలుచిప్పలు, నాచు పెంచుతుంది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ పని తెల్లవారకముందే మొదలై నేను కార్యాలయానికి వెళ్ళాక కూడా సాగుతుందని మాత్రం ఇవాళే తెలిసింది.

"కాఫీ పెట్టుకోండి," అని కింద నుంచే చెప్పింది. "పొడి ఎర్ర డబ్బాలో ఉంది."

వంటగదిలో రెండు కుళాయిలున్నాయి. ఒకటి తాగే నీళ్ళది, ఇంకోటి గిన్నెలు తోముకునే ఉప్పునీళ్ళది. ఏది ఏదో వాటి మీద రాసి లేదు. ఇది నిర్వహణ లోపమే. కాఫీ నోట్లో పోసుకున్నాక నేను తిప్పిన కుళాయి ఏదో తేలింది. మొదలుపెట్టిన పనిని మధ్యలో ఆపడం అధికారికి తగదు కాబట్టి గ్లాసు మొత్తం తాగాను.

కార్యాలయంలో రోజూ చిట్టా రాసే అలవాటు. ఇవాళ్టి నుంచి అక్కడి చిట్టా నీడ రాస్తుంది. నా చేతికి పని ఉండాలి కాబట్టి ఇంటి చిట్టా మొదలుపెట్టాను.

మొదటి వారం చివర. గాలి లేదు.

ఇంటి పరిపాలనను పరిశీలించాను. చాలా అస్తవ్యస్తంగా ఉంది. ఆవాల డబ్బా పక్కన టార్చిలైటు, పోపుల పెట్టె మీద తాళ్ళ ఉండలు, బియ్యం పీపా ఒక మూల, మంచినీళ్ళ పీపాలు ఇంకో మూల. తిలోత్తమ పొరుగింటికి చిప్పలు ఇచ్చి రావడానికి వెళ్ళిన సమయంలో సంస్కరణలు చేపట్టాను. డబ్బాలన్నీ అక్షరక్రమంలో పెట్టాను. ఆహార పదార్థాలన్నీ ఒకే చోట ఉండాలన్న ఉద్దేశంతో బియ్యం, నీళ్ళు, నూనె, ఉప్పుచేపల జాడీలు అన్నీ పడమటి గోడ వారకు దొర్లించాను. ఒళ్ళంతా చెమట పట్టింది. చాలాకాలం తర్వాత పని చేసినట్టనిపించింది.

కాసేపటికి నేను కూర్చున్న కుర్చీ దానంతటదే గోడవైపు నడవడం మొదలుపెట్టింది. తర్వాత మంచం బయలుదేరింది. తేలే ఇంట్లో బరువంతా ఒకవైపు చేరితే ఇల్లు ఒరుగుతుంది. ఒరిగిన ఇంటికి పక్కిల్లు కట్టి ఉంటే అదీ ఒరుగుతుంది. ఈ విషయం మీద నేను ఒకప్పుడు ఊరంతటికీ హెచ్చరిక జారీ చేశాను.

పక్కింటి బుల్లెమ్మ గుమ్మంలోకి వచ్చింది. బడి పడవలో పంతులమ్మ, నెమ్మదైన మనిషి.

"బాబాయిగారూ, మా పప్పు గోడ మీదుందండి," అంది. "మీరేవన్నా సర్దారా?"

ఆవిడా తిలోత్తమా కలిసి అన్నీ ఎక్కడివక్కడ పెట్టారు. నేను పర్యవేక్షించాను. తిలోత్తమ కోప్పడలేదు. చివరి పీపా దొర్లించి చెయ్యి తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ ఊరంతా సర్దారు కదండీ. ఈ ఒక్క ఇల్లూ వదిలెయ్యండి," అంది.

మరికొన్నాళ్ళకు. దక్షిణపు గాలి.

ఊరికే అటుగా వెళుతున్నట్టు కార్యాలయానికి వెళ్ళాను. లోపల దీపాలు కూడా లేవు. నీడలకు వెలుగుతో పనేముంది. గోడల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి, అన్నీ నాకు తెలిసిన గొంతులే, మనుషులు మాత్రం ఎవరి ఇళ్ళలో వాళ్ళున్నారు. కొందరు పైకే పోయారు.

నా నీడ నన్ను గుర్తుపట్టి, అర్జీదారుల బల్ల మీద కూర్చోమంది. పని బాగా సాగుతోందని చెప్పింది. నేను పెండింగులో ఉంచినవన్నీ మొదటి రోజే పరిష్కరించిందట. పెండింగులో ఉంచడమే పరిష్కారమైన కొన్ని విషయాలుంటాయని చెప్పబోయాను. "మీకు మరేదైనా సహాయం కావాలా?" అని అడిగింది. అర్జీదారుడు లేవాలని సూచించడానికి నేను వాడే మాట అది. లేచాను.

పౌర్ణమికి ముందు. పోటు ఎక్కువ.

భోజనం చేస్తుంటే ఇంటి గోడ మోగింది. ఉత్తర్వులన్నీ గోడల్లోంచే చదువుతారు. ఈసారి చదివింది నా గొంతు.

మా ఇంట్లో ఉద్యోగం చేసేవారు ఎవరూ లేనందున, రాబోయే అమావాస్య తర్వాత మా ఇంటిని నడి వరస నుంచి విప్పి, బయటి వరసలో కట్టవలసిందిగా ఉత్తర్వు. "సముద్ర దృశ్యంతో కూడిన ప్రశాంత వాతావరణం కల్పించే నిమిత్తం" అని చివర ఉంది. ఆ వాక్యం నాదే. ఆ రోజుల్లో దాని మీద చాలా శ్రద్ధ పెట్టాను.

బయటి వరస అంటే ఊరి అంచు. అక్కడ ఇళ్ళు విరామం లేకుండా లేచిపడుతుంటాయి. గిన్నెలకు గొలుసులుంటాయి. విరమణ చేసినవాళ్ళందరినీ అక్కడికే పంపుతూ వచ్చాం. ఆ వరుసలో నేనూ ఉన్నానన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదంటే, నా పనిలో నేనెంత నిమగ్నుణ్ణో తెలుస్తుంది.

తిలోత్తమ కలుపుతున్న ముద్ద ఆపింది. "తాళ్ళ సంగతేంటి?" అని అడిగింది.

బయటి వరసలో తాళ్ళు నిలవవు. అలలు చిప్పల్ని ఒక్క రోజులో రాల్చేస్తాయి. నాచు తెగిపోతుంది. మా వరసలో సగం ఇళ్ళ వంట ఆ తాళ్ళ మీదే నడుస్తుందని ఆవిడ చెబుతుంటే, అప్పుడే తెలిసిన విషయమైనా, ఎప్పటినుంచో తెలిసినట్టు తలూపాను. మాట్లాడి వస్తానని, అక్కడ నా మాటకు విలువుంటుందని హామీ ఇచ్చాను.

మర్నాడు.

మాట్లాడాను. అక్కడ నా మాటకు విలువున్న మాట నిజమే. అయితే ఆ మాట నా నీడ దగ్గరుంది.

"మీ ఇబ్బంది అర్థమైంది," అని మొదలుపెట్టింది. ఆ మాటతో మొదలుపెడితే ఆ పని కాదని నాకు తెలుసు. అయినా ప్రయత్నించాను. మా ఇంట్లో ఉద్యోగం చేసే మనిషి ఉందని, నా భార్య ఇంటి కింద సాగు చేస్తోందని చెప్పాను.

"ఆవిడ పైన అధికారి ఎవరు?" అని నీడ అడిగింది.

"ఎవరూ లేరు."

"ఆవిడ కింద సహాయకులు?"

"ఎవరూ లేరు."

"పైన అధికారి గాని, కింద సహాయకుడు గాని లేకుండా చేసేదాన్ని నియమావళి కాలక్షేపం అంటుంది. ఆ నిర్వచనం తమరు రాసిందే. చాలా స్పష్టంగా ఉంది."

కోపంతో గొంతు పెంచాను. అదీ అదే గొంతు పెంచింది. చివరికి, "మీకు మరేదైనా సహాయం కావాలా?" అంది.

అదే రోజు సాయంత్రం.

జరిగింది తిలోత్తమకు చెప్పాను, నా అరుపుల భాగం కాస్త కుదించి. నియమావళి గొప్పదనాన్ని వివరించబోతే చేత్తో ఆపింది.

"నా పైన ఎవర్నీ పెట్టుకోను," అంది. "కింద ఎవరైనా ఉంటే చాలా?"

చాలన్నాను. వేరే ఉద్యోగం లేని మనిషై ఉండాలని కూడా చెప్పాను. బుల్లెమ్మకు బడి ఉంది. మిగతా ఆడవాళ్ళకు వాళ్ళ వాళ్ళ తాళ్ళున్నాయి. తిలోత్తమ కొంతసేపు ఆలోచించి నావైపు చూసింది. బజారులో చివరికి మిగిలిన వంకాయను చూసే చూపు అది.

నేను లంగరు అధికారిగా చేసినవాణ్ణని గుర్తుచేశాను.

"తెలుసండీ. ముడి వెయ్యడం వచ్చా?"

ఊళ్ళో ప్రతి ముడికీ అనుమతి ఇచ్చినవాణ్ణి నేను. ఒక్కటీ నా చేత్తో వెయ్యలేదు. రాదని ఒప్పుకోవడానికి, ఆవిడ రెండోసారి అడగాల్సి వచ్చింది.

అమావాస్యకు ముందు. ఉక్కపోత.

నా నియామకం నమోదు చేయించడానికి ఇద్దరం కార్యాలయానికి వెళ్ళాం. తిలోత్తమ అక్కడికి రావడం ఇదే మొదటిసారి. చీకటి గదిని, గోడల్ని చూసి, "ఇక్కడికా రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు?" అని అడిగింది. అప్పట్లో దీపాలుండేవని చెప్పాను.

నీడ ప్రశ్నలు మొదలుపెట్టింది. అభ్యర్థికి పూర్వానుభవం ఉందా అని అడిగింది. లేదండి అంది తిలోత్తమ. పని మీద ఆసక్తి కనబరుస్తున్నాడా అంటే, కనపడ్డం లేదండి అంది. మరెందుకు తీసుకుంటున్నారని అడిగింది.

"ఇంకెవరూ దొరకలేదండి."

"నియామకానికి ఇంతకంటే బలమైన కారణం నా సర్వీసులో చూడలేదు," అంది నీడ. తర్వాత, "తమరి పేరు?" అని తిలోత్తమను అడిగింది.

నేను నవ్వాను. నా గురించి సమస్తం తెలిసిన యంత్రం అది. నా దగ్గు తెలుసు, ఫలానా గుమాస్తా మీద నాకున్న అనుమానం తెలుసు, ఎప్పుడు అబద్ధం చెబుతానో తెలుసు. అందుకే ఇది లాంఛనం అనుకున్నాను. కాదట. ఈ గొంతు దాని దగ్గర లేదు, ఈ పేరు అది వినలేదు. నేను ఆ గదిలో మాట్లాడిన మాటలన్నిటిలోనూ ఆ పేరు ఒక్కసారీ రాలేదు.

తిలోత్తమ నావైపు చూడలేదు. పేరు చెప్పింది. నీడ రెండోసారి చెప్పమంటే విడమరిచి చెప్పింది.

వానాకాలం ముగిసేవరకు తాత్కాలిక నియామకం. సహాయకుడు నిజంగా పైవాళ్ళ మాట విని పని చేస్తున్నాడా లేదా తనిఖీ ఉంటుంది. లేదని తేలితే ఇల్లు విప్పేస్తారు.

తిరుగు ప్రయాణంలో పడవ సగం దూరం వచ్చాక అడిగింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదా అండి, నా పేరు మీ నోటెంట?"

ఆఫీసులో ఇంటి విషయాలు మాట్లాడే అలవాటు లేదని చెప్పాను.

"క్యారేజీ విప్పేటప్పుడు కూడా?"

క్యారేజీ విప్పేటప్పుడు నేనేం మాట్లాడేవాణ్ణో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కూరలో ఉప్పు గురించి అని గుర్తొచ్చింది. అది చెప్పలేదు.

వానలు మొదలయ్యాక.

చిట్టా రాయడానికి వేళ్ళు సహకరించడం లేదు. ఆలుచిప్పల అంచులు బ్లేడుల్లా ఉంటాయి. అరచేతులు చూసి బుల్లెమ్మ పసుపు తెచ్చిచ్చింది. తిలోత్తమ తొడుగులిచ్చింది, మొదటి రోజే ఎందుకివ్వలేదంటే, మొదటి రోజే ఇచ్చానని, నేను వద్దన్నానని చెప్పింది. అది నిజమే.

నీళ్ళలోకి దిగి ఇంటి అడుగు చూశాను. ఇన్నేళ్ళుగా నేను నిద్రపోయింది దేని మీదో అప్పుడు తెలిసింది. వరసలు వరసలుగా తాళ్ళు, మధ్యలో చేపపిల్లల గుంపులు, ముదురు నాచు, లేత నాచు విడివిడిగా. మా నడి వరసను నేను కాగితం మీద గీసినదానికన్నా పొందికగా ఉంది. ఎవరూ తనిఖీ చెయ్యని చోట అంత పద్ధతిగా పని జరగడం నాకు కాస్త అవమానంగానే అనిపించింది.

నిన్న ఒక తాడు జారవిడిచాను. ఆరునెలల పెంపకం చిప్పలతో సహా అడుక్కి వెళ్ళిపోయింది. తిలోత్తమ తిట్టింది. పెళ్ళైనప్పటి నుంచి నన్ను తిట్టడం ఇదే మొదలు. విచిత్రమేమంటే రాత్రి అన్నం సహించింది. ఇంట్లో నా మీద ఎవరైనా ఏదైనా ఆశ పెట్టుకుంటేనే గదా తిట్టేది.

తనిఖీ రోజు. ఈశాన్యపు గాలి, బలంగా.

నీడ ఒక తేలే కన్ను పంపింది. కొబ్బరికాయంత ఉంటుంది, నీళ్ళ మీద నిలబడి చూస్తుంది, దానిలోంచే మాట్లాడుతుంది. మేమిద్దరం మా ఇంటిని పక్కింటికి కట్టే పెద్ద తాడు మారుస్తున్నాం. అప్పుడే సరుకుల ఓడ ఒకటి దగ్గరగా వెళ్ళి, ఆ అల మా వరసంతటినీ ఎత్తింది. తాడు నా చేతిలో బిగిసి మోగింది.

"బిగించి కట్టండి," అని కన్ను నా గొంతుతో ఆదేశించింది. "నియమావళి ప్రకారం అల సమయంలో తాడు వదులుగా ఉండరాదు."

"వదలండి," అంది తిలోత్తమ నెమ్మదిగా. "ఇంకా. ఇంకా వదలండి."

నా చేతులు బిగించడానికే సిద్ధంగా ఉన్నాయి. అది నా గొంతు. జీవితమంతా నేను ఎదురు చెప్పకుండా విన్న గొంతు అదొక్కటే. అటు పక్కింటి గుమ్మంలో బుల్లెమ్మ స్తంభం పట్టుకుని చూస్తోంది. నేను తాడు వదిలాను. ఇల్లు అలతో పాటు లేచి, పక్కకు జరిగి, మెల్లగా దిగింది. బిగించి ఉంటే మా ఇంటి గోడ బుల్లెమ్మ ఇంటి గోడను తీసుకుని వచ్చేది.

"సహాయకుడు పై అధికారి మాట విన్నాడు," అని కన్ను ప్రకటించింది. "ఉద్యోగం వాస్తవమే. ఉత్తర్వు రద్దు." వెళ్ళబోతూ, ఆ వదలడం ఎలాగో నియమావళిలో చేర్చడానికి తిలోత్తమ గారు వివరిస్తారా అని అడిగింది. పేరు మర్చిపోలేదు.

పనయ్యాక వస్తే చెబుతానంది తిలోత్తమ.

వానాకాలం చివర.

సంగతి ఊళ్ళో పాకింది. మొదట వచ్చింది కామేశం గారు. నాకు పై అధికారిగా చేసి, బయటి వరసకు వెళ్ళిన మనిషి. ఆయన భార్య అక్కడ వలలు అల్లుతుంది. ఆవిడ కింద సహాయకుడిగా చేరడానికి ముందు తాడు పట్టుకోవడం నేర్పమని వచ్చారు. నేను నేర్పాను. నేర్పేటప్పుడు నా గొంతులో అధికారం ధ్వనించిందని తిలోత్తమ హెచ్చరించింది.

ఆయన వెనక తక్కినవాళ్ళు. ఊళ్ళో గొప్ప గొప్ప పదవులు చేసినవాళ్ళంతా పచ్చళ్ళ దగ్గర, మగ్గాల దగ్గర, చేపలు ఎండబెట్టే చోట భార్యల కింద తాత్కాలికంగా నియమితులయ్యారు. ఇద్దరు ముగ్గుర్ని భార్యలే మొదట వద్దని, తర్వాత తప్పక తీసుకున్నారు. నియమం నియమమే కాబట్టి ఇళ్ళన్నీ లోపలికి వచ్చాయి. బయటి వరస ఖాళీ అయింది.

అప్పుడు లోపలి ఇళ్ళన్నీ ఊగడం మొదలైంది.

బయటి వరస దేనికోసం పెట్టామో ఊరికి అప్పుడర్థమైంది. అలల్ని ముందుగా కాసేవి ఆ ఇళ్ళే. అడ్డుగోడ కట్టడానికి ఖర్చవుతుందని, విరమణ చేసినవాళ్ళకు సముద్ర దృశ్యం కల్పించాం. ఊరి సభలో ఆడవాళ్ళు ఈ విషయం అడిగితే కామేశం గారు నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఇద్దరం తాత్కాలిక ఉద్యోగులం కాబట్టి విధాన నిర్ణయాలపై వ్యాఖ్యానించలేదు. బుల్లెమ్మ మాత్రం ఒక్క మాట అంది. "గోడకి డబ్బుల్లేకపోతే అలాగే చెప్పాల్సిందండి. ముసలాళ్ళని గోడ చెయ్యడమేంటి?"

చలిగాలి మొదలైన రోజు.

నీడ కొత్త ఉత్తర్వు ఇచ్చింది. బయటి వరసలో ఏదో ఒకటి ఉండి తీరాలి. పనిచేసే మనిషి లేని కట్టడమేదో ఊరంతా వెతికింది. ఒక్కటే దొరికింది. దాపరికం లేకుండా గోడలన్నిటిలోనూ చదివింది: లంగరు కార్యాలయంలో ఊపిరి పీల్చేవారు ఎవరూ లేనందున దాన్ని ఊరి అంచుకు తరలించవలెను. నేనైతే ఈ ఉత్తర్వును పెండింగులో పెట్టేవాణ్ణి. పెట్టకపోవడం చూసి, ఇది పూర్తిగా నా నీడ కాదేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఇవాళ పొద్దున్న పడవలు కార్యాలయాన్ని లాక్కుంటూ మా ఇంటి ముందు నుంచే వెళ్ళాయి. బరువైన కట్టడం, కదలడానికి ఇష్టంలేనట్టు నెమ్మదిగా కదిలింది. నేను తాడు పట్టుకుని ఉన్నాను, తిలోత్తమ నీళ్ళలో ఉంది. మా గోడలోంచి నా గొంతు వినిపించింది. ఈసారి ఉత్తర్వు కాదు, ఏదో అడగాలని చూస్తోంది.

"ఒక సందేహం," అంది. "కొత్త చోట మొదట్లో ఇబ్బందిగా ఉంటుందా?"

తిలోత్తమవైపు చూశాను. ఆవిడ తల పైకెత్తి, మొహమ్మీద నీళ్ళు తుడుచుకుంది.

"ఉంటుందని చెప్పండి," అంది. "అన్నీ మనమే సర్దాలనిపిస్తుంది. దేన్నీ ముట్టుకోకుండా కూర్చుంటే కొన్నాళ్ళకి తగ్గుతుందని చెప్పండి."

ఆ మాట యథాతథంగా చెప్పాను.